సాయం చేస్తున్నాం, కదలకండి

జేఈఈ మెయిన్ ఏ తరగతి పిల్లలు రాసే పరీక్ష? ఇంటర్ రెండో ఏడాది పిల్లలని మీరు జవాబిస్తే, మీ ఇంట్లో చదువుకునే పిల్లలెవరూ లేరన్నమాట. ఉన్నవాళ్లకు తెలుసు, అది ఆరో తరగతి పరీక్ష. రాసేది పదిహేడో ఏట, భయపడటం మొదలుపెట్టేది పదకొండో ఏట. మధ్యలో ఉన్న ఆరేళ్లూ వాయిదాల్లో కట్టేదాన్ని ఫీజు అంటారు. అది కట్టించుకుని చేసేదాన్ని సాయం అంటారు.

ఇంతా చేసి, ఐఐటీ దారిలో అది అసలు పరీక్ష కూడా కాదు. 2013 నుంచి ఆ దారికి రెండు గేట్లు పెట్టారు. మొదటిది మెయిన్, రెండోది అడ్వాన్స్‌డ్. ఎన్‌ఐటీ చాలనుకునేవాళ్లకు మొదటి గేటే ఆఖరి గేటు. ఐఐటీ కావాలనుకునేవాళ్లకు మాత్రం అది వడపోత, అంతే. 2024లో పద్నాలుగు లక్షలమందికి పైగా పేర్లిస్తే, రెండో గేటు దాకా రానిచ్చింది రెండున్నర లక్షలమందిని. ఆ ఏడాది 23 ఐఐటీల్లో కలిపి ఉన్న సీట్లు 17,740.

ఈ మూడు అంకెలనూ ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంటే, ఎండాకాలం మన గుమ్మంలో పడే రంగురంగుల బ్రోచర్లలో సగం చదవక్కర్లేదు. ఎందుకంటే ఆ రెండున్నర లక్షలన్నది ముందే గీసిపెట్టిన గీత. పిల్లలంతా రోజుకు ఆరు గంటలు చదివినా అంతే, పదహారు గంటలు చదివినా అంతే. ఊరంతా కోచింగుకు వెళ్లినా అంతే, ఏ ఒక్కరూ వెళ్లకపోయినా అంతే. ఒకణ్ని గీత లోపలికి నెట్టారంటే ఇంకొకణ్ని బయటికి నెట్టినట్టే. ఆ ఇంకొకడు పరాయివాడేం కాదు, పక్క సెక్షన్లో కూర్చుని అంతే ఫీజు కట్టినవాడు. ప్రతి ఇంటికీ వెళ్లి 'మీ వాడు లోపలికి వస్తాడు' అని మాటిచ్చేది మళ్లీ లెక్కల మాస్టార్లే. వాళ్లకు ప్రాబబిలిటీ రాదని ఎవరనగలరు?

సరే, ఒకే సరుకును అందరికీ అమ్మేశాక, 'నేను ముందున్నాను' అన్న భ్రమ కొనుక్కున్నవాడికి మిగలాలి కదా. దానికి దారి ఒక్కటే, పక్కింటివాడికంటే ముందు మొదలుపెట్టించడం. పక్కింటివాడు తొమ్మిదిలో చేరితే మీరు ఎనిమిదిలో చేర్చండి. అది తెలిసి వాళ్లు రెండోవాణ్ని ఏడులో చేరుస్తారు. ఇద్దరూ చివరికి ఎక్కడ మొదలయ్యారో అక్కడే పక్కపక్కన నిలబడతారు. ఈలోపు మూడేళ్ల ఫీజు మాత్రం ముందుకు సాగిపోయి ఉంటుంది.

దీనికో చరిత్ర ఉంది, మొదట్లో గౌరవంగానే ఉండేది. 1980లలో హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య చెప్పిన లెక్కల పాఠాలకు ఎంత పేరొచ్చిందంటే, జనం ఆయన ఇంటిపేరు మరిచిపోయి ఐఐటీ రామయ్య అన్నారు. ఆయన దగ్గర చేరాలంటే ముందు ఒక ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో తప్పేం లేదు. గది చిన్నది, వచ్చేవాళ్లు ఎక్కువ. కానీ మనవాళ్లు ఊరుకుంటారా? ఆ ప్రవేశ పరీక్షకూ కోచింగులు వెలిశాయి. ప్రవేశ పరీక్షకు చదివించే చోట చేరడానికి ఒక ప్రవేశ పరీక్ష, ఆ పరీక్షకు చదివించే చోటు మరొకటి. ఇవాళ్టి సామ్రాజ్యాలకు పెట్టుబడి భూములూ భవనాలూ అనుకుంటాం గానీ, అసలు పెట్టుబడి ఈ ఒక్క ఆలోచనే.

అప్పటినుంచి సాయం వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఎంసెట్ కొత్తల్లో ఇంటర్ పరీక్షలయ్యాక రెండు నెలల షార్ట్ టర్మ్ ఉండేది. తర్వాత రెండేళ్ల ఇంటర్నే కోచింగ్ మింగేసింది. ఆపైన పదో తరగతి సెలవులకు కన్నేశారు. పరీక్షలైన మర్నాడే బ్రిడ్జి కోర్సు, మామిడిపళ్లు హాస్టల్ గేటు దగ్గరికే వస్తాయి. ఆ తర్వాత హైస్కూలు మొత్తం ఫౌండేషన్ అయిపోయింది. బడి బోర్డు మీద టెక్నో అనో, ఒలింపియాడ్ అనో, కాన్సెప్ట్ అనో లేకపోతే అక్కడ అసలు చదువు చెబుతారా అని తల్లిదండ్రులకు అనుమానం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని పాతవాళ్లు ఎగతాళి చేశారు. ఇప్పుడు ఆ సోమలింగానికి రోల్ నంబరు కూడా ఇచ్చేశారు.

ఇంకా వెనక్కి వెళ్లేవాళ్లకు పురాణాల్లోనే దారుంది. అభిమన్యుడు తల్లి కడుపులో ఉండగానే పద్మవ్యూహానికి కోచింగ్ తీసుకున్నాడు. సిలబస్ పూర్తి కాలేదు. లోపలికి వెళ్లడం వచ్చింది, బయటికి రావడం రాలేదు. ఎంట్రన్స్ అంటే అదే కదా మరి, లోపలికి వెళ్లే విద్య. మిగతాది మన పరిధిలో లేదు.

ఇక సాయం గుమ్మం తొక్కే పద్ధతి చూడండి. ముందుగా ఒక ఆదివారం టాలెంట్ టెస్టు పెడతారు. ప్రవేశం ఉచితం, రాసినవాళ్లందరికీ ఒక ప్యాడో పెన్నో కూడా ఇస్తారు. మీరిచ్చేది ఒక్కటే, ఫోన్ నంబరు. ఆ టెస్టులో ఇంతవరకూ ఫెయిలైన పిల్లవాడు లేడు. వారం తిరక్కుండా ఫోనొస్తుంది, మర్నాడు మనిషే వస్తాడు.

"మేడమ్, బాబు టెస్టు చాలా బాగా రాశాడు మేడమ్. మా డీన్ సారే పేపరు చూశారు. ఎనభై శాతం రాయితీ ఇవ్వమన్నారు."

"ఎన్ని మార్కులొచ్చాయండీ?"

"మార్కులు కాదు మేడమ్, పొటెన్షియల్ చూస్తాం."

"మరి మేం కట్టాల్సిందెంత?"

"మిగతా ఇరవై శాతమే మేడమ్. లక్షా ఎనభై వేలు. హాస్టలు, మెటీరియలు, యూనిఫాం, లాండ్రీ వేరే."

ఇరవై శాతం లక్షా ఎనభై వేలయితే నూరు శాతం తొమ్మిది లక్షలు. ఆ తొమ్మిది లక్షలు ఈ భూమ్మీద ఎవరూ కట్టలేదు, కట్టబోరు కూడా. అది ఫీజు కాదు, రాయితీ ఇచ్చినట్టు చూపడానికి వీలుగా అచ్చేసిన అంకె. కానీ ఆ తల్లికి వినపడింది ఎనభై అనే మాటే. పెళ్లయిన ఇన్నేళ్లలో తమ ఇంటిని ఒకరు వెతుక్కుంటూ వచ్చి ఎనభై శాతం తగ్గించిన సందర్భం మరొకటి లేదు. ఇంకేం, సాయంత్రానికి ఆమె అన్నకు ఫోన్ చేసి చెబుతుంది, "మన వాడికి స్కాలర్‌షిప్ వచ్చింది అన్నయ్యా" అని. అన్నయ్య కొడుక్కి ఎనభై అయిదు వచ్చిన సంగతి అప్పుడు బయటపడుతుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా తినరు.

"ఇంకో మాట మేడమ్. ఈ రాయితీ రేపు సాయంత్రం దాకానే. సెక్షన్లు నిండిపోతున్నాయి."

ఇలా చెబుతూ నిలబడ్డ మనిషి పీఆర్వో అయితే పర్వాలేదు, అది ఆయన పని. చాలాసార్లు ఆయన ఫిజిక్స్ లెక్చరరు. వేసవిలో పాఠాల్లేని రోజుల్లో అడ్మిషన్ల టార్గెట్ ఇచ్చి రోడ్డు మీదికి పంపుతారు. ఇన్ని సీట్లు తెస్తే జీతం, తేకపోతే వచ్చే ఏడు ఉద్యోగం ఉంటుందో లేదో. రొటేషనల్ డైనమిక్స్ నమిలి మింగిన మనిషి, మే నెల ఎండలో తలకు తువ్వాలు చుట్టుకుని, మూడో అంతస్తుకు లిఫ్టు లేని ఇళ్ల మెట్లెక్కుతూ 'బాబుకు మంచి స్పార్కుంది' అని అబద్ధమాడుతుంటాడు. జాలిపడాల్సింది ముందుగా ఆయన మీదే. ఆయన కొడుకును ఎక్కడ చేర్చాడో మాత్రం అడక్కండి. అదే యాజమాన్యం దగ్గర, స్టాఫ్ కోటాలో, రాయితీతో.

పిల్లవాడు చేరాడు. చేరిన నెలలోపు ఇంకో టెస్టు. దాంతో సెక్షన్లు పడతాయి. పైన సూపర్ అనో స్టార్ అనో ఎలైట్ అనో ఒక బ్యాచి, కింద రెగ్యులర్ అనే మర్యాదైన పేరుతో మిగతావన్నీ. అసలు యంత్రం ఇక్కడుంది, కాబట్టి కాస్త నిదానించి చూద్దాం.

పై బ్యాచిలో ఉండేవాళ్లు ఓ అరవైమంది. వాళ్లలో చాలామంది దగ్గర ఫీజు నామమాత్రం, కొందరి దగ్గర అదీ లేదు. ఎక్కడో చిన్న ఊళ్లో పదో తరగతిలో దుమ్ము దులిపిన పిల్లణ్ని వెతికి పట్టుకుని, హాస్టలూ తిండీ పుస్తకాలూ ఇచ్చి తెచ్చుకుంటారు. లక్షల జీతానికి బయటి రాష్ట్రాల నుంచి దిగిన ఫ్యాకల్టీ వాళ్లకే చెబుతారు. డౌట్లు తీర్చేందుకు రాత్రి పదింటికి కూడా ఒక సారు కూర్చుని ఉంటాడు. కింది సెక్షన్లలో నిరుడే బీటెక్ ముగించిన కుర్రాడు సొల్యూషన్లు చూసి బోర్డు మీద ఎక్కిస్తుంటాడు. మరి పై బ్యాచి ఖర్చెవరిది? కిందివాళ్లది. పెళ్లిలో మొదటి బంతికి నేతి గారెలు వడ్డించి, చదివింపుల పళ్లెం మాత్రం మూడో బంతి దగ్గర తిప్పినట్టు. రెగ్యులర్ సెక్షన్ నాన్న చీటీ పాడి కట్టిన డబ్బుతో ఎలైట్ బ్యాచ్ అబ్బాయి ఐఐటీ బాంబేకి వెళతాడు. మన దేశంలో ఇంత నిశ్శబ్దంగా, ఇంత సమర్థంగా నడిచే సంక్షేమ పథకం మరొకటి లేదు. కాకపోతే దాత పేరు శిలాఫలకం మీద ఉండదు.

దాతకు తెలియదు కూడా. ఆయన రెండో ఆదివారం అవుటింగుకు వచ్చి, గేటు బయట చెట్టుకింద కొడుక్కి పులిహోర పెడుతూ, "మీ సెక్షన్ ఏంట్రా?" అంటాడు. వాడు సెక్షన్ పేరు చెబుతాడు. దానికీ ఇంగ్లీషులో మంచి పేరే పెట్టి ఉంటారు గనుక ఆయన తృప్తిగా తలాడిస్తాడు.

దినచర్య గురించి ఎక్కువ చెప్పను, తెలియనివాళ్లు లేరు. తెల్లవారకముందే వార్డెన్ తలుపు కొడతాడు. స్టడీ అవర్, టిఫిను, క్లాసులు, స్టడీ అవర్, భోజనం, మళ్లీ స్టడీ అవర్. ఆటలకు టైంటేబుల్లో ఒక గడి ఉంటుంది, గ్రౌండు ఉండదు. వారాంతం పరీక్ష, సోమవారం గోడమీద ర్యాంకుల జాబితా. ఆ జాబితా దగ్గర నిలబడే అరనిమిషంలో పదిహేనేళ్ల పిల్లలు తమ గురించి తాము నేర్చుకునేది ఏ పుస్తకంలోనూ లేదు.

చదువు సంగతి? మెయిన్‌లో 75 ప్రశ్నలు, మూడు గంటలు, 300 మార్కులు. ఒప్పయితే నాలుగు, తప్పయితే మైనస్ ఒకటి. అంటే ప్రశ్నకు సగటున రెండు నిమిషాలా ఇరవై నాలుగు సెకన్లు. న్యూటన్ అయినా అంతలోపే తేల్చాలి. అందుకని ప్రశ్న ఎందుకు వచ్చిందో అడిగే పిల్లవాణ్ని ముందుగా గుర్తించి సరిచేస్తారు. 'ఎందుకు' అన్నది టైం వేస్టు. నాలుగు ఆప్షన్లలో రెంటిని కొట్టేసే కిటుకు నేర్పిస్తే చాలు. ఎలక్ట్రాన్‌కు స్పిన్ ఉందంటే అది నిజంగా తిరుగుతుందా సార్ అని అడిగిన పిల్లవాడికి, 'అది మెయిన్‌కు రాదు' అన్నదే జవాబు. వాడు మళ్లీ అడగడు. ఆ క్షణంలో దేశానికి ఒక ఇంజనీరు దక్కినట్టే లెక్క, ఒక శాస్త్రవేత్త పోయిన సంగతి ఏ జాబితాలోకీ ఎక్కదు.

ల్యాబు కూడా ఉంటుంది, తనిఖీ రోజున తుడుస్తారు. ఇంటర్ ఫిజిక్సులో, కెమిస్ట్రీలో ప్రాక్టికల్స్‌కు చెరి 30 మార్కులు. బ్యూరెట్ ఏ చేత్తో పట్టుకోవాలో తెలియని పిల్లలకు కూడా 30కి 30 వస్తాయి. రికార్డు పుస్తకాలు నిరుటివే, అట్టలు మారతాయి. రసాయనమేదీ ఒలకలేదు, గాజు సామాను పగల్లేదు, రీడింగుల్లో ఒక్క తప్పూ లేదు. ప్రపంచ విజ్ఞాన చరిత్రలో ఇంత ప్రమాదరహితమైన ప్రయోగశాలలు మన దగ్గరే ఉన్నాయి.

సర్కారు వారు కూడా సాయం చేయకుండా లేరు. 2013 నుంచి 2016 దాకా ఇంటర్ మార్కులకు మెయిన్ ర్యాంకులో 40 శాతం వెయిటేజీ ఇచ్చారు. బోర్డు పరీక్షల విలువ పెరగాలని ఉద్దేశం. పెరిగింది ఇంటర్ మార్కులు, విలువ కాదు. 2017లో ఎత్తేశారు. తర్వాత భాష గుర్తుకొచ్చింది. 2021 నుంచి మెయిన్ ప్రశ్నపత్రం తెలుగుతో కలిపి 13 భాషల్లో ఇస్తున్నారు. పల్లెటూరి సర్కారు బడిలో తెలుగు మీడియం చదివిన పిల్ల ఇక నిబ్బరంగా తన భాషలో రాయొచ్చు. రాసి, వడపోతలో నెగ్గి, రెండో గేటు దగ్గరికి వస్తే అక్కడ అడ్వాన్స్‌డ్ పేపరు రెండే భాషల్లో ఉంటుంది, ఇంగ్లీషు, హిందీ. మొదటి గేటు దాకా అమ్మభాషలో చెయ్యిపట్టుకుని నడిపించి, రెండో గేటు దగ్గర ఆ చెయ్యి వదిలేయడాన్ని ఏమనాలో నాకు ఏ భాషలోనూ తోచడం లేదు.

పైసా తీసుకోకుండా చేసే సాయమూ ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కేంద్రం, ఐఐటీ కాన్పూర్ కలిసి సాథీ పేరుతో ఒక పోర్టల్ నడుపుతున్నాయి, పాఠాలు, మాదిరి పరీక్షలు అన్నీ ఉచితమే. ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పిన వీడియో పాఠాలున్నాయి. వీటిని చూసుకుంటూ, మధ్యమధ్య అడిగితే చెప్పే మనిషి ఒకరుంటే చాలామంది పిల్లలు దారిన పడతారు. ఆ ఒక్క మనిషినే మన ప్రభుత్వ జూనియర్ కాలేజీలు సమకూర్చలేవు. కాలేజీ జూన్‌లో తెరుస్తారు, గెస్ట్ లెక్చరర్ల ఉత్తర్వులు వానలు తగ్గాక వస్తాయి. అయినా ఉచితంగా వచ్చే పాఠం మీద మనకు నమ్మకం ఉండదు లెండి. ఎనభై శాతం రాయితీ లేని చదువు ఏం చదువు?

ఫలితాల రోజు గురించి చెప్పకపోతే పాపం. మెయిన్ స్కోరు మార్కుల్లో రాదు, పర్సంటైల్లో వస్తుంది, దశాంశ బిందువు తర్వాత ఏడు అంకెలతో. నూరు పర్సంటైల్ అంటే నూటికి నూరు మార్కులని తాతలూ అమ్మమ్మలూ పొంగిపోతారు. అది నీకెన్ని వచ్చాయన్న లెక్క కాదు. నీతో సమానంగానో నీకంటే తక్కువగానో ఎందరున్నారన్న లెక్క. ఒక పిల్లవాడికి 99 రావాలంటే నూటికి తొంభై తొమ్మిదిమంది అతనితో సమానంగానో అతని కిందో ఉండి తీరాలి. ఆ కింద ఉండే ఉద్యోగానికే మిగతా పిల్లలందరినీ ఫీజు తీసుకుని చేర్చుకుంటున్నారు. బ్రోచర్లో ఈ వాక్యం ఒక్కటి వేయరు.

2024లో దేశం మొత్తమ్మీద నూరు పర్సంటైల్ తెచ్చుకున్నవాళ్లు 56 మంది. వాళ్లలో 15 మంది తెలంగాణ నుంచే. మంచిదే, గర్వపడదాం. కానీ మర్నాటి దినపత్రికల మొదటి పేజీలు తెరిచి లెక్కపెట్టండి. ఒక సంస్థ ప్రకటనలో నవ్వుతున్న మొహమే రెండు పేజీల తర్వాత ఇంకో సంస్థ ప్రకటనలో, వేరే టై కట్టుకుని నవ్వుతుంటుంది. మూడో సంస్థ దగ్గర ఆ అబ్బాయి ఒక ఆదివారం టెస్టు సిరీస్ రాసి ఉంటాడు, దాంతో అక్కడా వాళ్ల బిడ్డే. టీవీలో ఒక గొంతు ఊపిరి తీసుకోకుండా ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అంటూ చదువుతుంటుంది. ఆల్ ఇండియా ఒకటో ర్యాంకులు ఒకే ఏడాది ఇన్ని ఎలా వచ్చాయని అనుమానం వస్తే భూతద్దం తెచ్చుకోండి. అంకె నెత్తిన చిన్న చుక్క, పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఏదో కేటగిరీ, ఏదో రాష్ట్రం, ఏదో సెషన్. తెలుగువాళ్లు అతి శ్రద్ధగా చదవాల్సిన అక్షరాలను అతి చిన్న సైజులో అచ్చేయడం కూడా ఒక విద్యే.

అదే ప్రకటనలో రెగ్యులర్ సెక్షన్ల ఫొటోలు ఎందుకుండవంటే, పేజీ సరిపోదు.

ఇక నియమాలు. ఉమ్మడి రాష్ట్రంలో నీరదారెడ్డి కమిటీ వేశారు. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ వేశారు. రెండూ కాలేజీ హాస్టళ్లలో పిల్లలు ఎందుకు చనిపోతున్నారో తెలుసుకోవడానికే. రెండూ నివేదికలిచ్చాయి. 2024 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు పంపింది. పదహారేళ్లు నిండనివాళ్లను కోచింగ్ సెంటర్లు చేర్చుకోకూడదు, ర్యాంకు గ్యారంటీ అనకూడదు, రోజుకు అయిదు గంటలకు మించి క్లాసులు పెట్టకూడదు. చదివి అందరూ సంతోషించారు, అందరికంటే ఎక్కువగా మన యాజమాన్యాలు సంతోషించాయి. ఎందుకంటే వాళ్లు నడిపేది కోచింగ్ సెంటర్ కాదు, బడి. గుర్తింపు ఉన్న బడి. ఆరో తరగతి పిల్లవాడు బడికి వెళ్లకుండా ఇంకెక్కడికి వెళతాడండీ? బడిలో లెక్కలు చెబితే నేరమా? పదహారేళ్ల గీత గీసినవాడికి, పదకొండేళ్లవాళ్లంతా ఆ గీతకు అవతల యూనిఫాం వేసుకుని కూర్చున్నారని తెలియకపోవడం వింతే.

2025 జులైలో సుప్రీంకోర్టు ముందుకు ఒక తండ్రి వచ్చాడు. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి. మెయిన్‌కు చదివే పిల్లలదీ అదే హాస్టలు, అదే మెస్సు, అదే గోడ. ఆ కేసులో కోర్టు 15 మార్గదర్శకాలిచ్చింది. మార్కులను బట్టి బ్యాచీలు విడదీయడం, నలుగురిలో అవమానించడం, తాహతుకు మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంతవరకు మానుకోమంది. హాస్టళ్లలో సీలింగ్ ఫ్యాన్లు ట్యాంపర్ చేయడానికి వీల్లేనివి పెట్టమంది, మేడమీదికి దారులు కట్టడి చేయమంది. రాజస్థాన్‌లోని కోటలో అంతకు ముందే స్ప్రింగు ఫ్యాన్లు బిగించారు.

ఈ మార్గదర్శకాల్లో మన సంస్థలు ఏది ముందు పాటిస్తాయని మీ అంచనా? బ్యాచీలు తీసేస్తే యంత్రమే ఆగిపోతుంది. గోడమీద జాబితా తీసేస్తే పిల్లలకు భయం పోతుంది, భయం పోతే తల్లిదండ్రులకు నమ్మకం పోతుంది. ఫ్యాన్లు సులువు. ఫ్యాన్లకు కొటేషన్లు పిలవొచ్చు, బిగించాక ఫొటో తీసి తనిఖీ అధికారికి పంపొచ్చు. తర్వాతి బ్రోచర్లో సౌకర్యాల జాబితాలో, ఆర్వో నీళ్లకూ సీసీ కెమెరాలకూ మధ్యలో, దాన్ని కూడా చేర్చొచ్చు. ఆ బ్రోచరు చూసి, 'ఫ్యాన్లు కూడా మంచివి పెట్టారట' అని మెచ్చుకునే రోజు మనకు దూరంగా లేదు.

మనమంటే తల్లిదండ్రులమే. యాజమాన్యాలను తిట్టడం తేలిక, అవి సరుకున్న చోట దుకాణం పెట్టాయి. సరుకు మన భయం. పేరెంట్స్ మీటింగులో ఒక్కరంటే ఒక్కరు లేచి, 'మా వాడికి నిద్ర చాలడం లేదు సార్' అనరు. లేచినవాళ్లంతా, 'ఇంకో స్టడీ అవర్ పెంచండి సార్' అంటారు. కొడుకు ఫోన్ చేసి ఏడిస్తే, 'రెండేళ్లు కళ్లు మూసుకో నాన్నా, తర్వాత లైఫ్ అంతా హాయే' అంటాం. ఆరో తరగతిలో ఆరేళ్లు మూసుకోమన్నాం, ఇంటర్‌లో రెండేళ్లంటున్నాం. రేపు బీటెక్‌లో ప్లేస్‌మెంట్ దాకా, ఉద్యోగంలో హెచ్‌వన్‌బీ లాటరీ దాకా. కళ్లు తెరిచే తేదీ మాత్రం అకడమిక్ క్యాలెండర్లో వేయలేదు.

ఇంతకీ ఏప్రిల్ సెషన్ ఫలితాలు వచ్చాక రెండున్నర లక్షల్లో లేని మిగతా పన్నెండు లక్షలమంది ఏమవుతారని అడుగుతారేమో. చాలామంది ఈఏపీసెట్ రాసి, రింగు రోడ్డు పక్కనున్న ఏదో ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్ఈ తీసుకుంటారు. ఆ సీటుకు ఆరో తరగతి నుంచి ఐఐటీ చదవక్కర్లేదని అప్పుడు తెలుస్తుంది, అప్పటికి తమ్ముడు ఏడో తరగతి ఫౌండేషన్లో ఉంటాడు. మిగిలినవాళ్లు కంగారు పడక్కర్లేదు. మెయిన్ వరుసగా మూడేళ్లు రాయొచ్చు. లాంగ్ టర్మ్ బ్యాచ్ జూన్‌లోనే మొదలు. నిరుడు మా దగ్గర చదివి రానివాళ్లకు ప్రత్యేక రాయితీ ఉంది. ఎంత రాయితీ అన్నది తేల్చడానికి ఆదివారం ఉదయం పదింటికి ఒక చిన్న టెస్టు ఉంటుంది. ప్యాడు మేమే ఇస్తాం.